ఇరవై ఆరుగురి తరఫున ఫజిలత్

ఫోన్ మోగితే ఫజిలత్ ముందు చుట్టూ చూసుకుంటుంది, ఆ తర్వాతే ఎత్తుతుంది. ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు, మొన్న మే నెలలో అంటుకుంది. అంతకుముందు ఆవిడ ఫోన్ ఎత్తిందంటే కౌంటర్ ముందు బెంచీల మీద కూర్చున్న రోగులందరూ ఆ ముచ్చట వినాల్సిందే. అంత గొంతు! మేనేజర్ సతీష్ రెండుసార్లు ‘జర మెల్లగ మేడం’ అని కూడా అన్నాడు. ఇప్పుడేమో అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మందుల స్టాండ్ వెనక్కు తిరిగి గుసగుసలాడుతోంది. చూసినవాళ్లు ఏమనుకుంటారు? అనుకున్నారు కూడా. నలభై రెండేళ్ల వయసులో ఇదేం వేషమని ఊడ్చే ఆయా ముఖం మీదే అడిగేసింది.

ఖమ్మం బైపాస్ రోడ్డు పక్కన మూడంతస్తుల ప్రైవేటు దవాఖానా అది. డాక్టర్ కళ్యాణి గారిది. ఫజిలత్ అక్కడ రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో చేరి పద్నాలుగేళ్లయింది. పెద్ద చదువేం లేదు, ఇంటర్ తప్పింది. డాక్టరమ్మ ఆమెను ఏరికోరి తీసుకోవడానికి కారణం ఆమె నోట్లో ఉన్న మరో భాష. ఫజిలత్ తండ్రి జానీ మియా సైకిల్ మీద అద్దాలు, పూసలు, రంగు దారాలు పెట్టుకుని కారేపల్లి అవతల అడవి అంచున ఉన్న తండాలన్నీ తిరిగేవాడు. తండా ఆడవాళ్లు బట్టల మీద కుట్టుకునే అద్దాలన్నమాట. చిన్నప్పుడు సెలవులొస్తే కూతుర్ని సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పోయేవాడు. అట్లా ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, తండాల్లో లంబాడీ వచ్చేశాయి పిల్లకు. దవాఖానాకు తండా నుంచి ఎవరొచ్చినా డాక్టర్ గదికంటే ముందు ఫజిలత్ దగ్గరికే వస్తారు. ‘బాయీ’ అని పిలుస్తారు, అంటే అక్క.

మరి ఆమె చేసిన తప్పేమిటంటే, చెప్తా. పేరు, వయసు, ఊరు కొట్టాక పది అంకెల ఫోన్ నంబరు పడితే తప్ప కంప్యూటర్ ముందుకు కదలదు. తండా ముసలమ్మను నంబరు చెప్పమంటే ఏం చెప్తుంది? ఫోన్ కొడుకు దగ్గరుంటుంది, కొడుకు పనికిపోయి మధిర అవతలెక్కడో ఉంటాడు. ఉన్న ఫోన్‌కు సిగ్నల్ గుట్టెక్కితేగాని రాదు. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని పది అంకెల కోసం నిలబెట్టడం ఫజిలత్ వల్ల కాలేదు. తన నంబరే కొట్టేది. ఒక్కోసారి భర్త ముస్తకీమ్ మిక్సీల రిపేరు షాపు నంబరు, ఒక్కోసారి కూతురు షీరీన్ నంబరు. ‘ఫలానా తేదీన మళ్లీ రండి’ అని దవాఖానా పంపే మెసేజ్ తన ఫోన్‌కే వచ్చేది. ఆ కబురు తండాకు చేరేసేది తనే. అటు ఆటో నడిపే బాబూరావుతో చెప్పి పంపేది, లేదంటే ప్రతి గురువారం దవాఖానా తండాలకు పంపే క్యాంపు జీపులో తానే పోయి చెప్పేది.

రెండేళ్ల కింద ల్యాబ్‌లో ఒకతను ఇట్లాగే రోగుల పేర్ల కింద తన నంబరు రాసుకుని, వాళ్లను వేరేచోటికి మళ్లించి కమీషన్ తిన్నాడు. పట్టుకుని అదేరోజు ఇంటికి పంపేశారు. స్టాఫ్ నంబర్లు రాస్తే ఉద్యోగం ఊడుతుందని గోడకు కాగితం అంటించారు. అప్పుడైనా ఫజిలత్ మానాల్సింది. మానితే ముసలమ్మను ఏం చేయాలో ఆ కాగితంలో ఎవరూ రాయలేదు మరి! ఆమె మానలేదు. ఎవరికీ చెప్పనూలేదు.

మే నెలలో మైత్రి వచ్చింది. మైత్రి మనిషి కాదు. హైదరాబాద్ కంపెనీవాళ్లు అమ్మిన జెనరేటివ్ ఏఐ. ఇంటికి పోయిన రోగులకు మూడో రోజు, ఏడో రోజు, పన్నెండో రోజు ఫోన్ చేసి ఎట్లా ఉన్నారని అడుగుతుంది. పాత రికార్డు గొంతులాగా ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనదు. ఎదుటివాళ్లు ఏమంటే దానికి తగ్గట్టు తనే మాట అల్లుకుని మాట్లాడుతుంది. మాట్లాడిందంతా తనే కుదించి రాసి కంప్యూటర్‌లో పెడుతుంది. విజయవాడలో అందరూ పెట్టేశారట, మనం వెనకబడితే ఎట్లా అని సతీష్ పోరు పెట్టాడు.

“మరి తండావాళ్ల భాష దానికొస్తుందా?” అని అడిగారు డాక్టర్ కళ్యాణి.

“వచ్చే అప్‌డేట్‌ల వస్తది మేడం. అప్పటిదాంక తెలుగుల అడుగుతది. అందరికీ అర్థమైతది,” అన్నాడు సతీష్.

మొదటి రోజు అద్దాల గదిలో పెద్ద స్క్రీన్ పెట్టి అందరినీ పిలిచారు. కౌంటర్ వదిలి రాలేక ఫజిలత్ తన కుర్చీలోంచే చూస్తోంది. అంతలో ఆమె ఫోన్ మోగింది. ఎత్తింది.

“నమస్కారమండీ! దేవ్లా గారి ఇంటి నుంచేనా?” తేనె పూసినట్టు ఆడగొంతు.

ఫజిలత్ తలెత్తి చూస్తే అద్దాల అవతల స్క్రీన్ మీద దేవ్లా పేరు పచ్చగా వెలుగుతోంది. కాలికి ఆపరేషన్ అయి మొన్ననే ఇంటికి పోయినాయన. గదిలో పదిమంది ఊపిరి బిగబట్టి స్క్రీన్ వైపు చూస్తున్నారు. ఒక్కడు ఇటు తిరిగితే చాలు, ఆమె కథ ముగిసినట్టే. ఫోన్ పెట్టేసినా సరిపోయేది. పెట్టేయలేదు.

“అవ్... ఇంటోళ్లమే,” అంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

“కాలు ఎలా ఉందండీ?”

“మంచిగనే ఉంది.”

అంతే ఆమె అన్నది. స్క్రీన్ మీద నాలుగు వరుసలు పడ్డాయి. గాయం మానుతోంది. జ్వరం లేదు. మందులు వేళకు వాడుతున్నారు. వైద్యసేవల పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు. గదిలో చప్పట్లు! సంతృప్తి తానెప్పుడు వ్యక్తం చేసిందో ఫజిలత్‌కు అంతుపట్టలేదు. అయితే దేవ్లా కాలు బాగుందన్నది నిజమే, పొద్దున్నే బాబూరావు చెప్పాడు. కాబట్టి ఇది అబద్ధం కాదులే అని మనసుకు సర్దిచెప్పుకుంది.

ఆ రోజు ఇంటికి పోయి లెక్కేసుకుంటే, చికిత్స నడుస్తూ తన మూడు నంబర్ల మీద ఉన్నవాళ్లు ఇరవై ఆరుగురు తేలారు. ముస్తకీమ్‌కు చెప్పింది. ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, పోయి డాక్టరమ్మకు చెప్పెయ్యమన్నాడు. చెప్పేదే. కానీ షీరీన్ బీ ఫార్మసీ ఆఖరి ఏడాదిలో ఉంది. మిక్సీ చెడిపోతే బాగు చేయించుకునేవాళ్లు కరువయ్యారు, కొత్తది కొనేస్తున్నారు. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. ఈ నెల గడవనీ, ఆ తర్వాత చెప్తానంది. వచ్చే నెల కూడా అదే మాటంది.

అప్పటి నుంచి మొదలైంది చూడండి ఆవిడ పాట్లు. మైత్రి అడిగేలోగా తను కనుక్కోవాలి! పొద్దున లేవగానే బాబూరావుకు ఫోన్. “తమ్మీ, సీతయ్య తాత అన్నం తింటుండా? జర అటుదిక్కు పోయినప్పుడు చూసిరా.” బాబూరావు విసుక్కునేవాడు. “నేను ఆటో నడపాల్నా, డాక్టర్‌గిరీ చేయాల్నా అక్కా?” అంటూనే చూసివచ్చేవాడు. బాబూరావు పోని ఊళ్లు ఉంటాయి కదా, వాటికి గురువారం జీపు ఉంది. డ్రైవర్ రామన్న, నర్సు కవిత, ఫజిలత్, ముగ్గురూ పోయి కుట్లు చూసి, కట్లు మార్చి, మందులిచ్చి వచ్చేవాళ్లు. అట్లా మైత్రికి ఆమె చెప్పిన జవాబుల్లో చాలావరకు నిజాలే. ఎప్పుడైనా కబురు అందకపోతే మాత్రం ‘బాగుంది’ అనేసి, గురువారం దాకా అన్నం సయించక తిరిగేది. గురువారం మనిషి కళ్లబడి నవ్వితే ప్రాణం లేచొచ్చేది.

ఆమెకు తట్టనిది ఒకటుంది. టౌన్‌లో సగం మంది మైత్రి ఫోన్ ఎత్తరు. ఎత్తినా ‘మీటింగ్‌లో ఉన్నా’ అని పెట్టేస్తారు. తండాలవాళ్లు మాత్రం వందకు వంద మంది ఎత్తుతున్నారు, మర్యాదగా మాట్లాడుతున్నారు, అందరూ క్షేమమే! ఒకే నంబరు పదిమంది పేర్ల కింద కనబడ్డా సతీష్‌కు అనుమానం రాలేదు. తండాలో ఒక్క ఫోనే ఉంటుందిలే అనుకున్నాడు. కంపెనీవాళ్లు ఖమ్మం దవాఖానా ఘనత అని ఒక కాగితం కూడా పంపారు.

ఆగస్టులో ఒక బుధవారం మీటింగ్ పెట్టి సతీష్ ఆ కాగితం చదివాడు.

“ఇగ గురువారం జీపు అవసరం లేదు మేడం. అక్కడ అందరూ మంచిగున్నరు, మైత్రి రోజూ అరుసుకుంటనే ఉంది. కుట్లు విప్పేది ఉంటే అదే అపాయింట్‌మెంట్ ఇస్తది, బస్సెక్కి వస్తరు. రామన్నను అంబులెన్స్ మీదికి తీసుకుందాం.”

“వద్దు సార్!” ఫజిలత్ గొంతు తనకు తెలియకుండానే పైకి లేచింది. అందరూ తిరిగి చూశారు.

“ఎందుకొద్దు మేడం? రిపోర్ట్ ఇంత మంచిగుంటే?”

ఏం చెప్తుంది? ఆ రిపోర్ట్ నేనే సార్ అంటుందా? “వానాకాలం సార్... బస్సులు సరిగ్గ రావు,” అని నసిగింది. డాక్టర్ కళ్యాణి ఆమె వైపు ఒక క్షణం చూసి, ఫోన్ రావడంతో లేచి వెళ్లిపోయారు. జీపు ఆగిపోయింది.

అప్పుడే, ఆ వారమే పూలి సంగతి.

పూలికి ఇరవై మూడేళ్లు, తొలి కాన్పు. రేగులగుట్ట తండా. కారేపల్లి దాటి తారు రోడ్డు అయిపోయాక వాగు, వాగు అవతల అడవిలోకి ఇంకో మైలు. కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. పూలి భర్త చందూలాల్, అత్త కలిసి శనివారం ఆమెను తీసుకుపోతుంటే ఫజిలత్ ఆటో దాకా వచ్చి సాగనంపింది. “గురువారం జీపుల నేనే వస్త. వచ్చే గురువారం కాక ఆ పై గురువారం కుట్లు విప్పుతం. భయం లేదు,” అని లంబాడీలో చెప్పింది. అప్పటికి జీపు ఆగుతుందని ఆమెకేం తెలుసు?

పూలి పేరు కిందా ఉన్నది తన నంబరే కనుక, మూడో రోజు మైత్రి అడిగితే ఫజిలతే బాగుందంది. ముందురోజే బాబూరావు వాగు దాకా పోయి కనుక్కుని వచ్చాడు కనుక అది నిజమే. మర్నాడు జీపు రద్దయింది. ఆ రాత్రే వాన పట్టుకుంది. వాగు నడుం లోతుకు వచ్చిందనీ, అటువైపు ఆటో పోదనీ బాబూరావు చేతులెత్తేశాడు. ఏడో రోజు మైత్రి మళ్లీ అడిగింది.

“పూలి గారికి కుట్ల దగ్గర వాపు గానీ, చీము గానీ ఉన్నాయాండీ?”

ఫజిలత్ కళ్లు మూసుకుంది. కబురు లేదు. ఉందంటే మైత్రి వెంటనే డాక్టర్‌కు కలుపుతుంది, డాక్టర్‌తో ఏమని మాట్లాడాలి? లేదంటే?

“లేవు,” అంది. అని, బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఛీ, ఏం బతుకు ఇది అనుకుంది. తెలియని పిల్ల కడుపు మీది గాయం గురించి తెలిసినట్టు చెప్పింది. ఆమె తండ్రి అద్దాలమ్మినా, ఇంట్లో అందరినీ పేరుపేరునా అరుసుకోకుండా ఏ గడపా దిగేవాడు కాదు.

మైత్రి మాత్రం సంతోషించి, గురువారం పదిన్నరకు కుట్లు విప్పడానికి రమ్మంది. ఫజిలత్ సరేనంది. ఆ నాలుగు రోజులూ ఆమె మనిషిలో మనిషి కాదు. కారేపల్లి కిరాణా కొట్టుకు ఫోన్ చేసింది, బస్ కండక్టర్‌ను బతిమాలింది. వాగు అవతలి కబురు ఎవరి దగ్గరా లేదు.

గురువారం వచ్చింది. పదిన్నరయింది, పూలి రాలేదు. పదకొండుకు ఫోన్ మోగింది.

“నమస్కారమండీ! పూలి గారు బయలుదేరారా?”

కౌంటర్ ముందు పన్నెండు మంది నిలబడి ఉన్నారు. ఫజిలత్ ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“నేను పూలిని కాదు. పూలి ఇంటోళ్లను కూడ కాదు. నేను ఈ దవాఖానలనే పనిచేస్త. ఆ పిల్ల ఎట్లున్నదో నాకు తెల్వదు. పోయిన శనివారం గూడ తెల్వకనే చెప్పిన. వింటున్నవా?”

“తప్పకుండా అర్థమైందండీ. మీ సమయానికి ధన్యవాదాలు,” అంది మైత్రి.

ఫజిలత్ అద్దాల గదిలోకి పోయింది. సతీష్ లేడు. స్క్రీన్ మీద పూలి పేరు ఎర్రగా ఉంటుందనుకుంది. పచ్చగానే ఉంది. కింద వరుసలు ఇట్లా ఉన్నాయి: రోగి తరఫున బంధువు మాట్లాడారు. ఇంటి పనుల వల్ల నేడు రాలేకపోయారు. ఇబ్బందులేవీ తెలుపలేదు. అపాయింట్‌మెంట్ శనివారానికి మార్చడమైనది.

యా అల్లా! మూడు నెలలుగా గుండెల మీద మోసింది బయటపెడితే, దాన్ని కూడా క్షేమ సమాచారం చేసేసింది! ఇక దీనితో లాభం లేదు. టోకెన్ల వరుసను తోసుకుని డాక్టర్ కళ్యాణి గదిలోకి చొరబడింది. లోపల సతీష్ కూడా ఉన్నాడు. నిలబడే, ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. నంబర్లు, మెసేజ్‌లు, బాబూరావు, వాగు, శనివారం చెప్పిన అబద్ధం.

“ఎంతమంది?” అన్నారు డాక్టర్.

“ఇరవై ఆరుగురు మేడం. బాగైనోళ్ల జాగల కొత్తోళ్లు వచ్చిన్రు, లెక్క అంతే ఉంది. పదిహేడు మంది సంగతి నాకు నిజంగ తెలుసు. తొమ్మిది మందిది తెల్వదు.”

“పూలిది?”

“తెల్వదు.”

“మేడం, డేటా ప్రకారమైతే...” అని సతీష్ ఏదో అనబోయాడు.

“ఏ డేటా సతీష్? మూడు నెలల నుంచి మన మిషన్ ఈ కౌంటర్‌తోనే మాట్లాడుతోంది!” డాక్టర్ కుర్చీలోంచి లేచారు. “రామన్నను జీపు తియ్యమను. కవిత మందుల పెట్టె సర్దుకుంటుంది. ఫజిలత్, నువ్వు కూడా ఎక్కు. నీ ఉద్యోగం సంగతి సోమవారం మాట్లాడతా. నువ్వు చేసింది చిన్న తప్పేం కాదు.”

“అవ్ మేడం,” అంది ఫజిలత్. తిట్లు తిన్నా లోపలి బరువేదీ దిగలేదు. కారేపల్లి దాకా జీపులో కవిత కిటికీ వైపే తిరిగి కూర్చుంది. కవితకు కోపమొచ్చిందని ఫజిలత్‌కు తెలుస్తూనే ఉంది. వాన వెలిసింది, మట్టిరోడ్డు చెరువులా ఉంది. వాగు ఎట్లా దాటాలి, దాటినా పూలి ఎట్లా ఉంటుంది, అసలు ఉంటుందా? ఆ ఆలోచన రాగానే చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

వాగు దాటే పని పడలేదు. వాగుకు ఇవతల, ఎప్పుడూ జీపు ఆగే చోట, నాలుగు కర్రల మీద నీలం పట్టా కట్టి ఉంది. దాని కింద నులక మంచం. మంచం మీద పూలి. పక్కన బిడ్డనెత్తుకుని అత్త, మొగాళ్లు నలుగురు. నడుం దాకా తడిసి ఉన్నారు.

కవిత జీపు ఆగకముందే దూకింది. చెయ్యి వేసి చూసి, “కాలిపోతోంది,” అంది. చీర పక్కకు తీస్తే కుట్ల చుట్టూ ఎర్రగా ఉబ్బి చీము కారుతోంది. “బతుకుతది. కానీ జల్దీ పోవాలె. రామన్నా, వెనక సీటు మడత పెట్టు!”

పూలి అత్త ఫజిలత్‌ను చూసి లేచి వచ్చింది. ఆమె ముఖంలో కోపం మచ్చుకైనా లేదు. ఉంటే ఎంత బాగుండేది!

“వచ్చినవా బాయీ! పోయిన గురువారం గూడ గిట్లనే మంచం మీద మోసుకొచ్చినం. అప్పటికే కొద్దిగ జరముండె. పొద్దుగూకెదాంక చూసినం, రాలే. నడుమ మా పిలగాడు కారేపల్లి సర్కారు దవాఖానకన్నా పోదామన్నడు. నేనే ఆపిన. బాయి మాటిచ్చింది, ఆమె చూడనిదే వద్దన్న.”

ఫజిలత్‌కు ఆ మాటలు చెంప మీద కొట్టినట్టు తగిలాయి. అత్త రెండు చేతులూ పట్టుకుని, ‘యాడీ’ అంటే అమ్మా అని పిలుస్తూ, లంబాడీలోనే, దాచకుండా చెప్పింది. “నేను మంచిదాన్ని కాదు యాడీ. పూలి ఎట్లున్నదని దవాఖానల అడిగితే బాగున్నదని చెప్పిన. నా నౌకరి పోతదని చెప్పిన. బాగున్నరనే జీపు బంద్ పెట్టిన్రు.”

ముసలామెకు సగం అర్థమైంది, సగం కాలేదు. జీపు తలుపు చప్పుడయింది. పూలిని లోపల పడుకోబెట్టారు. చందూలాల్ ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు. అత్త బిడ్డను కవితకు అందించి, ఫజిలత్ వైపు తిరిగింది.

“పోనీ తియ్యి బాయీ. ఇగ ప్రతి గురువారం వస్తది గద జీపు?”

అవ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మూడు నెలలుగా నోటికి అలవాటైన మాట. ఫజిలత్ దాన్ని మింగేసింది.

“తెల్వదు యాడీ. సోమవారం దాటితే నేను గూడ అక్కడ ఉంటనో లేదో తెల్వదు. ఇంకోపారి నాకోసం కూసోకుండ్రి. జరమొస్తే ఏ బండి దొరికితే ఆ బండెక్కి పోండ్రి.”

ముసలామె వాగు వైపు చూసింది, ఆగిన ఒక్క జీపు వైపు చూసింది. ఆ రోడ్డు మీద కనుచూపు మేరలో మరో బండి లేదు.

“ఏ బండి బాయీ?” అంది.